కార్లైల్ జట్టు ఆడిన ఊళ్లలో

1912 శరదృతువులో పెన్సిల్వేనియా రాష్ట్రంలో అమెరికా ఆదివాసుల (అక్కడి మాటలో ‘ఇండియన్ల’) పిల్లలకు నడిపిన కార్లైల్ ఇండియన్ ఇండస్ట్రియల్ స్కూలు జట్టు, సెప్టెంబరు 21 నుంచి నవంబరు 28 లోపు, 14 అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలు ఆడి 12 గెలిచింది. ఒకటి సమమైంది, ఒకటి ఓడింది. మొత్తం 504 పాయింట్లు చేసింది. పేరుకు అది పాఠశాల అయినా ఆడినవి దాదాపు అన్నీ కళాశాలలతోనే, విశ్వవిద్యాలయాలతోనే. మొదటి మూడు ఆటలు మాత్రమే సొంత ఊళ్లో జరిగాయి. మిగిలిన పదకొండింటికీ జట్టు రైలెక్కి హారిస్‌బర్గ్, సిరక్యూస్, పిట్స్‌బర్గ్, రాజధాని వాషింగ్టన్, కెనడాలోని టొరంటో, బెత్లెహెం, వెస్ట్‌పాయింట్, ఫిలడెల్ఫియా, ప్రావిడెన్స్ వంటి ఊళ్లకు వెళ్లింది. ఒక డిగ్రీ కళాశాలలో పీడీగా, అంటే ఆటలు నేర్పే అధ్యాపకుడిగా, పనిచేసి, ప్యాసింజరు రైళ్లలో జట్లను తిప్పి, పిల్లల బత్తా డబ్బును చొక్కా లోపలి జేబులో దాచుకొని తిరిగిన నాకు ఆ ఆటల పట్టిక చూడగానే కలిగిన మొదటి ఆలోచన ఆట గురించి కాదు, ప్రయాణం గురించి. ఈ వసంతంలో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, అక్కడికి కారు దూరంలో ఉన్న ఊళ్ల వరకైనా ఆ జట్టు వెంట తిరగాలని నిశ్చయించుకున్నాను. మా ఆవిడ, అల్లుడు తోడు వచ్చారు.

ఏప్రిల్ 23, బుధవారం: హారిస్‌బర్గ్, మెకానిక్స్‌బర్గ్

న్యూజెర్సీ దాటిన తరువాత దారికి ఇరువైపులా పొలాలు, ఎర్ర కొట్టాలు, ధాన్యం నింపే గుండ్రటి గాదెలు మొదలయ్యాయి. హారిస్‌బర్గ్ దగ్గర ససక్విహానా నదిని దాటుతున్నప్పుడు మా ఆవిడ కారు అద్దం దించి చూసి, వేసవిలో బ్యారేజీ దిగువన కృష్ణ ఇలాగే ఉంటుందని అన్నది. నిజమే, వెడల్పుకు అంతులేదు, లోతు మాత్రం మోకాలి బంటి, నడుమ రాళ్లు తేలి ఉన్నాయి.

1912 అక్టోబరు 2న, బుధవారం నాడే, కార్లైల్ జట్టు ఈ ఊళ్లో విలనోవాను 65-0తో ఓడించింది. మూడు రోజులు తిరగకుండానే రాష్ట్రం పడమటి కొసన వాషింగ్టన్ అండ్ జెఫర్సన్ కళాశాల మీద ఒక్క పాయింటు కూడా చేయలేక 0-0తో సరిపెట్టుకొంది. బుధవారం అరవై ఐదు, శనివారం సున్న! జట్టును నడిపిన ఎవరికైనా ఈ రెండంకెలు పక్కపక్కన చూస్తే నవ్వు వస్తుంది. ఆ నవ్వు వెనుక ప్రయాణపు బడలిక కూడా తెలుస్తుంది.

రాత్రి బస మెకానిక్స్‌బర్గ్‌లో, మా అల్లుడి పెదనాన్నగారి అబ్బాయి ఇంట్లో. రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాల కంప్యూటరు పనుల మీద వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. గోంగూర పచ్చడి, ములక్కాడ పులుసు, అప్పడాలు పెట్టి, “మామయ్యగారూ, మేము ఇక్కడికి వచ్చి పదేళ్లు దాటింది, పక్క ఊళ్లో ఇంత కథ ఉందని మాకు తెలియదు” అని ఆ అబ్బాయి ఆశ్చర్యపడ్డాడు. ఇంటి నుంచి కార్లైల్‌కు ఇరవై నిమిషాల దారి.

ఏప్రిల్ 24, గురువారం: కార్లైల్ బ్యారక్స్

బడి నడిచిన చోటు అంతకు ముందూ సైనిక స్థావరమే, ఇప్పుడూ సైనిక స్థావరమే. అమెరికా సైన్యపు వార్ కాలేజీ అక్కడ నడుస్తున్నది. అందువల్ల గేటు దగ్గర గుర్తింపు పత్రాలు పరిశీలించిన తరువాత గాని ఎవరినీ లోపలికి వదలరు. నా పాస్‌పోర్టు చూసిన యువకుడు ఏ పని మీద వచ్చారని అడిగితే ఫుట్‌బాల్ అన్నాను. అతడు నవ్వకుండా, “అయితే ఇండియన్ ఫీల్డుకు వెళ్లండి” అని చేయి చాచి దారి చూపించాడు. అక్కడి వాళ్ల మర్యాద అంతా అలాగే ఉంటుంది. మాట తక్కువ, ప్రతి వాక్యం చివర ‘సార్’.

1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి ఈ బడిని పెట్టాడు. మనిషిలోని ఇండియన్‌ను చంపి మనిషిని కాపాడాలి అన్నది అతడు బహిరంగంగా చెప్పిన సిద్ధాంతం. దూర ప్రాంతాల నుంచి అమెరికా ఆదివాసుల పిల్లలను రైళ్లలో తెచ్చి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష మాట్లాడకుండా కట్టడి చేసి, చదువుతో పాటు చేతి పనులు నేర్పించారు. 1918లో మూతపడే వరకు 140కి పైగా తెగలకు చెందిన 7,800 మంది పిల్లలు ఇక్కడికి వచ్చారు. 2024 డిసెంబరులో అప్పటి అధ్యక్షుడు బైడెన్ ఈ స్థలాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

ఇండియన్ ఫీల్డు పచ్చగా, చదునుగా ఉంది. పరుగుబాట మీద ఇద్దరు అధికారులు పరుగెత్తుతున్నారు. మైదానాన్ని చూడగానే అడుగులతో కొలవడం నాకు ఉద్యోగం నేర్పిన అలవాటు. అల్లుడు వద్దంటున్నా ఒక కొస నుంచి మరొక కొసకు నడిచాను. 1912లోనే ఆ ఆట నియమాలు మారి, మైదానం 110 గజాల నుంచి 100 గజాలకు తగ్గింది. పది గజాలు ముందుకు సాగడానికి మూడు అవకాశాల బదులు నాలుగు ఇచ్చారు. బంతిని ప్రత్యర్థి గీత దాటిస్తే వచ్చే టచ్‌డౌన్‌కు 5 బదులు 6 పాయింట్లు లెక్కించసాగారు. అంతకు ఆరేళ్ల ముందే, ఆటలో చావులు, అంగవైకల్యాలు పెరిగి దేశమంతటా గగ్గోలు లేచిన తరువాత, బంతిని ముందుకు విసరడాన్ని అనుమతించారు. గుంపులుగా తోసుకొనే బరువైన జట్లకు కాక, వేగం, చాకచక్యం ఉన్న జట్లకు ఈ మార్పులు కలిసివచ్చాయి. కార్లైల్ పిల్లలు బరువు తక్కువవాళ్లు. వేగంలో మాత్రం వాళ్లకు సాటి లేదు. వాళ్ల కోచ్ గ్లెన్ వార్నర్, అందరూ పిలిచే పేరు పాప్ వార్నర్, కొత్త నియమాల్లో ఎక్కడెక్కడ సందులున్నాయో వెదకడంలో దిట్ట. 1903లో హార్వర్డ్ మీద ఒక ఆటగాడి చొక్కా వీపు లోపల బంతిని దాచి గీత దాటించిన ఘనుడు. ఆ ఆట మాత్రం హార్వర్డే 12-11తో గెలిచింది.

మైదానం నుంచి వెనక్కి నడుస్తూ వార్నర్ కాలంలో ఆటగాళ్లు ఉన్న వాషింగ్టన్ హాలును, చిత్రకళ నేర్పడానికి కట్టిన లూప్ భవనాన్ని చూశాము. లూప్ భవనం ఫుట్‌బాల్ రాబడితో కట్టినది. పరాయి ఊళ్ల ప్రయాణాల రహస్యం ఇక్కడ తెలుస్తుంది. కార్లైల్ చిన్న ఊరు, ఇక్కడ ఆడితే టికెట్ల మీద వచ్చేదేమీ లేదు. ఫిలడెల్ఫియాలోనో పిట్స్‌బర్గ్‌లోనో ఆడితే వేలమంది వస్తారు, గేటు వసూళ్లలో వాటా దక్కుతుంది. ఆ సొమ్ము బడి అధికారుల అజమాయిషీలో కాక, వార్నర్ చేతిలో ఉన్న క్రీడా సంఘం ఖాతాలో జమ అయ్యేది. చివరకు విద్యార్థులే తిరగబడ్డారు. 1912 జట్టులో ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్ స్థానంలో ఆడిన గస్ వెల్చ్ ముందు నిలిచి, రెండు వందల మందికి పైగా సంతకాలతో అర్జీ పెట్టించాడు. 1914లో అమెరికా కాంగ్రెసు (అక్కడి పార్లమెంటు) సంఘం వచ్చి విచారించింది. బడి సూపరింటెండెంటు మోజెస్ ఫ్రీడ్‌మన్ పదవి పోయింది. వార్నర్ పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయి, అక్కడా పేరు తెచ్చుకున్నాడు. నా ఉద్యోగ జీవితంలో క్రీడా నిధి ఖాతా పుస్తకాన్ని ఎవరైనా విద్యార్థి అడిగితే విసుక్కున్న పీడీలను చూశాను. కోచ్ లెక్కలు చెప్పాలని కోచ్ తీర్చిదిద్దిన ఆటగాడే అడిగిన ఈ సంగతి, నాకు ఆ ఏటి గెలుపులన్నిటి కన్నా మిన్నగా తోచింది.

వెలుపలి దారికి దగ్గరలో శ్మశానం ఉంది. నూట ఎనభై మందికి పైగా పిల్లలను ఇక్కడ పూడ్చారు. 1927లో సమాధులను పాత చోటు నుంచి ఇక్కడికి తరలించారు. సైనికుల సమాధులకు నిలిపినట్టే తెల్లని రాళ్లు వరుసలు తీరి ఉన్నాయి. కొన్నిటి మీద పేరు లేదు, తెలియదు అని మాత్రమే చెక్కి ఉంది. 2017 నుంచి తెగలవారు వచ్చి తమ పిల్లల అస్థికలను తవ్వించుకొని ఇళ్లకు తీసుకువెళ్తున్నారు. రాళ్ల మొదట్లో నాణేలు, పూసలు, చిన్న బొమ్మలు, రంగు కాగితం చుట్టిన మిఠాయిలు ఉన్నాయి. మా ఆవిడ చేతిసంచీలో ఉన్న వేరుశనగ చిక్కీ పొట్లాన్ని తీసి నా వంక చూసింది. పెట్టవచ్చో లేదో అడగడానికి దగ్గరలో ఎవరూ లేరు. ఆవిడే ఒక నిర్ణయానికి వచ్చి పెట్టింది.

ఏప్రిల్ 25, శుక్రవారం: కార్లైల్ ఊరు

హానోవర్ వీధి, హై వీధి కలిసే కూడలిలో పాత న్యాయస్థానం దగ్గర, ఆ జట్టులోని మేటి ఆటగాడు జిమ్ థోర్ప్ స్మారక శిల ఉంది. సాక్ అండ్ ఫాక్స్ తెగకు చెందిన థోర్ప్ 1887లో, నేటి ఓక్లహోమా ప్రాంతంలో పుట్టాడు. 1912 జులైలో స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోనూ స్వర్ణాలు గెలిచాడు. అదే బడి నుంచి వెళ్లిన హోపీ తెగ యువకుడు లూయిస్ టెవానిమా 10,000 మీటర్ల పరుగులో రజతం తెచ్చాడు. ఒకే బడి నుంచి ఇద్దరు! ఊరంతా వాళ్లను ఊరేగించింది. ఆ ఊరేగింపు వేడి చల్లారక ముందే ఫుట్‌బాల్ మొదలైంది.

పిట్ వీధిలోని కంబర్లండ్ కౌంటీ చరిత్ర సంఘం ప్రదర్శనశాలలో బడికి సంబంధించిన గదులు ఉన్నాయి. అక్కడ స్వచ్ఛందంగా పనిచేసే ఒక పెద్దావిడ మా వెంటే నడిచింది. నేను జట్ల ఫొటోల దగ్గర ఆగుతున్నాను. ఆవిడ మాత్రం ప్రతిసారీ మెల్లగా పక్క గోడ మీది ఫొటోల వైపు, వచ్చిన రోజున తీసినవీ కొన్నాళ్ల తరువాత తీసినవీ జంటగా పెట్టిన పిల్లల ఫొటోల వైపు, మమ్మల్ని మళ్లించింది. మళ్లించి తప్పుకొని నిలబడింది. వివరణ ఏమీ ఇవ్వలేదు. నా కంటికి అది మంచి బోధన పద్ధతి.

1911 నాటి జట్టు ఫొటోలో బంతి మీద ‘ఇండియన్స్ 18, హార్వర్డ్ 15’ అని తెల్ల రంగుతో రాసి ఉంటుంది. అప్పటి నియమాల ప్రకారం ఆ పద్దెనిమిది ఎలా వచ్చాయో లెక్క కట్టి అల్లుడికి చెప్పాను. థోర్ప్ నాలుగు సార్లు బంతిని గోలు కమ్మీల నడుమ నుంచి తన్ని ఒక్కొక్కదానికి 3 చొప్పున 12 చేశాడు. ఒక టచ్‌డౌన్ 5, దాని తరువాతి తన్నుకు 1. హార్వర్డ్ కోచ్ ఆట మొదట తన రెండో వరుస ఆటగాళ్లను దింపాడట. వారం తిరగగానే ఇదే జట్టు సిరక్యూస్ చేతిలో 12-11తో, ఒకే ఒక్క పాయింటు తేడాతో, ఓడింది. ఆ ఏడాది 12 ఆటల్లో అదొక్కటే ఓటమి. 1912లో మళ్లీ సిరక్యూస్ వెళ్లి 33-0తో బాకీ తీర్చుకొంది. అల్లుడు ఓపికగా విని, “మామయ్యగారూ, ఆకలేస్తోంది” అన్నాడు.

కూడలికి దగ్గరలోని పాత భోజనశాలలో ఆ ఊరివాళ్లు ‘హాట్‌చీ డాగ్’ అనే తినుబండారం దొరుకుతుంది. సాసేజి పెట్టిన పొడవాటి బన్ను మీద కారపు మాంసపు గుజ్జు, చీజు, ఉల్లిపాయ ముక్కలు వేస్తారు. మాంసం ముట్టని మా ఆవిడకు వేయించిన బంగాళదుంపలు, చల్లటి క్యాబేజీ సలాడ్ మిగిలాయి. వడ్డించిన స్త్రీకి నా వయసే ఉంటుంది. నన్ను, మా అల్లుణ్ణి, పక్క బల్ల దగ్గరి పోలీసును, అందరినీ ‘హన్’ (‘హనీ’కి ముద్దు రూపం) అనే పిలిచింది. ముగ్గురికీ కలిపి 30 డాలర్ల లోపే అయింది. దాని మీద ఐదో వంతు బహుమానంగా పెట్టాలని అల్లుడన్నాడు. మన దగ్గర హోటలు పళ్లెంలో చిల్లర వదిలి రావడం మర్యాద, ఇక్కడ లెక్క కట్టి ఇవ్వడం మర్యాద.

భోజనం తరువాత డికిన్‌సన్ కళాశాల ఆవరణలో తిరిగాము. 1912 సెప్టెంబరు 28న కార్లైల్ జట్టు ఈ పొరుగు కళాశాలను 34-0తో ఓడించింది. గస్ వెల్చ్ తరువాత ఇదే ఊళ్లో న్యాయశాస్త్రం చదివాడు. బడి రికార్డులను వెదికి, అందరూ చూసేలా కంప్యూటరులోకి ఎక్కించే పని ఇప్పుడు చేస్తున్నది కూడా డికిన్‌సన్ కళాశాల గ్రంథాలయమే. తమ తాత, ముత్తాతల బడి కాగితాలు వెదుక్కొనే తెగలవాళ్లకు అది పెద్ద ఆధారం.

ఏప్రిల్ 26, శనివారం: జిమ్ థోర్ప్ అనే ఊరు

ఈ ఊరికి జట్టు వచ్చి ఆడలేదు. థోర్ప్ బతికి ఉండగా ఈ ఊరితో అతడికి ఏ సంబంధమూ లేదు. అయినా రాక తప్పలేదు, ఎందుకంటే అతడు ఇక్కడే సమాధి అయి ఉన్నాడు.

లేహై నది లోయలో నిటారు కొండల నడుమ ఇరికించినట్టు కట్టిన ఊరు. పాత పేరు మాక్ చంక్. బొగ్గు మీద బతికి, బొగ్గు తగ్గాక చితికింది. ఊరివాళ్లు వారానికి ఐదు సెంట్ల చొప్పున చందాలు పోగుచేసి పరిశ్రమలను రప్పించాలని ప్రయత్నిస్తున్న రోజుల్లో, 1953 మార్చిలో, థోర్ప్ కాలిఫోర్నియాలో మరణించాడు. ఘనమైన స్మారకం కట్టే ఊరి కోసం అతడి మూడో భార్య వెదుకుతున్నది. ఒప్పందం కుదిరింది. నదికి ఇరువైపులా ఉన్న రెండు ఊళ్లు కలిసిపోయి, 1954లో అతడి పేరు పెట్టుకొని, అతడి దేహాన్ని తెచ్చుకున్నాయి. అతడి కొడుకులు ఓక్లహోమాకు తీసుకుపోతామని కోర్టుకు వెళ్లి 2013లో గెలిచారు. మరుసటి ఏడాది పై కోర్టు ఆ తీర్పును తిరగదోడింది. 2015లో సుప్రీంకోర్టు కేసు వినడానికి నిరాకరించింది.

కారులోని దారి చూపే యంత్రం మమ్మల్ని సమాధికి కాక, కొండ మీద ఉన్న ఏసా ప్యాకర్ అనే రైల్వే యజమాని భవంతి దగ్గరికి చేర్చింది. శనివారం కావడంతో బ్రాడ్‌వే వీధి నిండా పర్యాటకులే. కారు నిలపడానికి పది డాలర్లకు పైగా తీసుకొన్న కుర్రవాణ్ణి సమాధి ఎక్కడని అడిగితే, “ఏ సమాధి?” అన్నాడు! పక్కనే నిలబడిన ముసలాయన అందుకొని, వంతెన దాటి, నదికి అవతలి గట్టున, 903వ నంబరు దారి మీద పోవాలని చెప్పి, “ఇక్కడికి వచ్చేవాళ్లంతా రైలు చూడటానికే వస్తారు” అని జోడించాడు.

రోడ్డు పక్కన గడ్డి నేలలో ఎర్రటి గ్రానైటు సమాధి, బంతి పట్టుకొన్న అతడి విగ్రహం, ఫలకాలు ఉన్నాయి. ఓక్లహోమా నుంచి, స్టాక్‌హోం క్రీడా ప్రాంగణం నుంచి తెచ్చిన మట్టిని దాని కింద వేశారట. ‘సార్, ప్రపంచంలోకెల్లా గొప్ప క్రీడాకారుడు మీరే’ అని స్వీడన్ రాజు అన్న మాటను రాతి మీద చెక్కారు. ఆ గొప్ప క్రీడాకారుడి పతకాలు ఏడాది కూడా అతడి దగ్గర నిలవలేదు. ఒలింపిక్స్‌కు ముందు, 1909, 1910 వేసవుల్లో, నార్త్ కరోలినాలో అతడు స్వల్ప జీతానికి బేస్‌బాల్ ఆడాడని 1913 జనవరిలో వూస్టరు పట్టణపు పత్రిక బయటపెట్టింది. డబ్బు తీసుకొన్నవాడు అమెచ్యూరు కాదని పతకాలు లాక్కున్నారు. ఆ సంగతి తనకు తెలియదని వార్నర్ అన్నాడు. వేసవిలో తన ఆటగాడు ఎక్కడున్నాడో తెలియని కోచ్‌ను నేనింతవరకు చూడలేదు. ఒలింపిక్ సంఘం పతకాలను 1982లో తిరిగి మంజూరు చేసింది. ఏకైక విజేతగా అతణ్ణి గుర్తించడానికి 2022 దాకా పట్టింది.

మేము ఉన్న అరగంటలో వచ్చింది ఒకే ఒక కారు. అందులోంచి దిగిన తండ్రి తన ఇద్దరు పిల్లలను ఫలకాలు పైకి చదవమన్నాడు. చిన్నవాడు ఒలింపిక్ సంవత్సరం దగ్గర తడబడితే పెద్దది సరిదిద్దింది.

బ్రాడ్‌వేకు తిరిగి వచ్చి పియెరోగీలు తిన్నాము. మైదా పొరలో బంగాళదుంప ముద్ద, చీజు కూరి ఉడికించి, వెన్నలో ఉల్లిపాయలతో వేయిస్తారు. గనుల్లో పనికి వచ్చిన పోలండ్, స్లోవాకియా కుటుంబాలు తెచ్చిన వంట. పళ్లెం 14 డాలర్లు. మూడు రోజుల్లో మా ఆవిడ కడుపునిండా తిన్న బయటి తిండి ఇదే. ఆవకాయ సీసా కారులోంచి తెచ్చుకొంటే ఇంకా బాగుండేదని మాత్రం అన్నది.

ఏప్రిల్ 27, ఆదివారం: బెత్లెహెం

తిరుగుదారిలో గంటసేపు ఆగాము. 1912 నవంబరు 2న కార్లైల్ ఇక్కడ లేహై విశ్వవిద్యాలయాన్ని 34-14తో ఓడించింది. అంతకు ముందు శనివారం రాజధాని వాషింగ్టన్‌లో జార్జ్‌టౌన్ మీద ఆడి, ఒక్క రోజు ఎడంతో సోమవారం టొరంటోలో దిగి, సగం ఆట అమెరికా నియమాలతో, సగం కెనడా నియమాలతో ఆడి గెలిచి, మళ్లీ శనివారానికి ఇక్కడ ఉన్నారు. ఎనిమిది రోజుల్లో మూడు ఆటలు, రెండు దేశాలు. నా ఆటగాళ్లకు ఇటువంటి పట్టిక ఇచ్చి ఉంటే తల్లిదండ్రులు ప్రిన్సిపాలుగారి గది ముందు కూర్చొనేవారు. ఈ పిల్లల తల్లిదండ్రులు వేల మైళ్ల అవతల ఉన్నారు.

1995లో ఆరిపోయిన ఉక్కు కొలుములను చూసి, మొరేవియన్లు అనే క్రైస్తవ శాఖవారి పల్చటి అల్లపు బిస్కట్లు ఒక డబ్బా కొని ఎడిసన్ చేరాము.

ఏప్రిల్ 29, మంగళవారం: వెస్ట్‌పాయింట్

హడ్సన్ నది వంపు మీద, బూడిద రంగు రాతి కోటలా ఉంది సైనిక విద్యాలయం. సందర్శకులు సొంతంగా తిరగడానికి వీలులేదు. టికెట్టు కొని, పత్రాలు చూపి, బస్సెక్కి, గైడు వెంట నడవాలి. మనిషికి ఇరవై డాలర్ల పైచిలుకు అయింది. మా గైడు పదవీ విరమణ చేసిన అధికారి భార్య. కరిగిపోయిన లిపిస్టిక్కు, గట్టి గొంతు, చేతిలో మడిచిన గొడుగు. ఎవరైనా పచ్చికలోకి ఒక్క అడుగు వేస్తే ఆ గొడుగు పైకి లేస్తుంది.

పచ్చిక అంటే ‘ప్లెయిన్’ అని పిలిచే కవాతు మైదానం. ఇప్పటి మిచీ క్రీడా ప్రాంగణం 1924లో వచ్చింది, అంతకు ముందు ఆటలు ఇక్కడే జరిగేవి. 1912 నవంబరు 9న కార్లైల్ ఇక్కడ ఆర్మీ జట్టును 27-6తో ఓడించింది. వూండెడ్ నీ అనే చోట అమెరికా సైన్యం లకోటా తెగ జనాన్ని కాల్చి చంపి అప్పటికి ఇరవై రెండేళ్లే. మీ తండ్రులతో పోరాడింది వీళ్ల తండ్రులే అని ఆట ముందు వార్నర్ గుర్తుచేశాడని చెబుతారు. అతడు గుర్తుచేస్తే గాని వాళ్లకు గుర్తుండదా అన్నది నా అనుమానం.

ఆ రోజు వార్నర్ కొత్త వ్యూహం దింపాడు. ఇద్దరు ఆటగాళ్లను వరుసకు రెండు కొసల వెలుపల నిలిపి, బంతి ఎటు పోతుందో ఎదుటివాళ్లకు తెలియకుండా చేశాడు. ఆర్మీ మొత్తం థోర్ప్ మీద కన్నేస్తే, థోర్ప్ కోసం వేసిన కాపలాను తప్పించుకొంటూ అలెక్స్ ఆర్కాసా మూడు టచ్‌డౌన్లు చేశాడు. జో గయాన్ ధాటికి తట్టుకోలేక ఆర్మీ కెప్టెన్ లీలండ్ డెవోర్ అతడి మీద పడి మోటుగా ప్రవర్తించి మైదానం బయటికి పంపబడ్డాడు. థోర్ప్‌ను పడగొట్టి ఆట నుంచి తప్పించాలని గట్టిగా ప్రయత్నించినవాళ్లలో డ్వైట్ ఐజెన్‌హోవర్ ఒకడు. వారం తిరగగానే టఫ్ట్స్ కళాశాల మీది ఆటలో అతడి మోకాలు దెబ్బతిని ఫుట్‌బాల్‌కు దూరమయ్యాడు. తరువాత సేనాధిపతి, దేశాధ్యక్షుడు అయ్యాక కూడా థోర్ప్‌ను మెచ్చుకొంటూ మాట్లాడాడు.

ప్లెయిన్ అంచున ఐజెన్‌హోవర్ కంచు విగ్రహం ఉంది. 1912 ఆట ఎక్కడ జరిగిందో చూపించమని గైడును అడిగాను. ఆవిడ గొడుగు చాచి పచ్చిక మీద ఒక మూల నుంచి మరొక మూలకు గీత గీసి, “మేము ఓడిపోయిన ఆటల గురించి సాధారణంగా అడగరు” అని, అయినా చిరునవ్వుతోనే, మరో రెండు నిమిషాలు చెప్పింది. థోర్ప్ 92 గజాలు పరుగెత్తి చేసిన టచ్‌డౌన్‌ను రెఫరీ రద్దు చేస్తే, మరుక్షణం 97 గజాలు పరుగెత్తాడన్న కథ కూడా వినిపించింది. ఆర్కాసా పేరు ఆవిడ నోట రాలేదు. నేనే చెప్పాను. ఆవిడ చిన్న నోటు పుస్తకం తీసి, అక్షరాలు నన్ను అడిగి రాసుకొంది.

హైలండ్ ఫాల్స్ వీధిలో ఒక డైనర్‌లో ముగ్గురం టమోటా సూపు, చీజు పెట్టి కాల్చిన రొట్టె తిన్నాము. పక్క బల్ల దగ్గర కేడెట్ల తల్లిదండ్రులు కొడుకు గదికి పంపవలసిన వస్తువుల జాబితా తయారు చేస్తున్నారు.

మే 1, గురువారం: ఫిలడెల్ఫియా

అమ్మాయికి సెలవు దొరికి తానూ వచ్చింది. వెస్ట్‌పాయింట్ గెలుపు తరువాత వారానికి, నవంబరు 16న, ఇక్కడి ఫ్రాంక్లిన్ ఫీల్డులో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం (అందరూ పిలిచే పేరు పెన్) కార్లైల్‌ను 34-26తో ఓడించింది. ఆ ఏడాదికి అదొక్కటే ఓటమి. తరువాత స్ప్రింగ్‌ఫీల్డ్ మీద 30-24తో కష్టపడి, థ్యాంక్స్‌గివింగ్ రోజున ప్రావిడెన్స్‌లో బ్రౌన్ మీద 32-0తో సులువుగా గెలిచి ఆటలు ముగించారు. బ్రౌన్ మీద ఆడినదే థోర్ప్‌కు ఆఖరి కళాశాల ఆట. వెంటనే జనవరి వచ్చింది.

ఫ్రాంక్లిన్ ఫీల్డు 1895లో మొదలైంది. ఇప్పటి ఎత్తైన గ్యాలరీలు 1922 నాటివి. అంతకు ముందు వారాంతంలో పెన్ రిలేస్ పరుగు పోటీలు ముగిశాయి. పనివాళ్లు కంచెలు విప్పి, అట్టపెట్టెలు, ఖాళీ సీసాలు ఊడ్చి బండిలోకి ఎత్తుతున్నారు. ఇటుక కమాను గేటు ఒకటి తెరిచి ఉంది. లోపల నిలబడిన కాపలాదారు ఎత్తరి, నడివయసువాడు, నడుముకు తాళాల గుత్తి. ఒక్క నిమిషం చూసి వస్తామని మా అమ్మాయి అడిగితే, ఫొటోలు అక్కడి నుంచే తీసుకోమన్నాడు. నేను తీసుకొంటూ ఉండగా ఏ ఆట కోసం వచ్చారని అడిగాడు. 1912లో కార్లైల్, పెన్ ఆడిన ఆట అన్నాను.

“ఎవరు గెలిచారు?”

“పెన్. 34-26.”

“అయితే బాగానే ఉంది” అని తల ఊపి, చీజు, మాంసం పెట్టిన చీజ్‌స్టేక్ రొట్టె ఎక్కడ తినాలో, ఎక్కడ తినకూడదో మా అమ్మాయికి వీధుల పేర్లతో సహా చెప్పి, గేటు వేసుకొన్నాడు.